కోకో చెట్ల కింద తెగని వాదం

అందరూ చెప్పుకునే కథ నాకు ఒప్పుదల కాదు. కోలారు బంగారు గనిలో ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి, గనులు మూతపడ్డాక, నీలగిరి చెట్లు పీల్చి పిప్పి చేసిన ఎకరం నేల కొని, అందులో చాక్లెట్ చెట్లు పెట్టి, చచ్చిన నేలకు ప్రాణం పోశాడు. ఇదీ కథ. ఆయన్ను పూడ్చిన రోజు సమాధుల దగ్గర పాస్టరుగారు కూడా ఇదే చెప్పారు. చెబుతూ చెబుతూ నా వైపు చెయ్యి చూపించి, "మన టీచరమ్మగారు పరీక్ష చేసి నిరూపించారు కూడా" అన్నారు. జనమంతా నా వైపు తిరిగారు. పెట్టె మీద మట్టి వేస్తున్న వేళ అది. నోరు మూసుకుని నిలబడడం నాకు చేతకాని పని. ఆ ఒక్క పూటకు చేశాను.

ఇక చెయ్యను. ఆ నేల ఎప్పుడూ చావలేదు. నీలగిరి నరికిన ఏడాదే అక్కడ ఉలవలు మోకాలెత్తు లేచాయి. నేను చూశాను, ఎందుకంటే దాని పక్క నేల నాది. ఇక నిరూపించడం అంటారా, నేను నిరూపించింది ఏమీ లేదు. నిరూపించలేకపోయానన్నదే నిజం. ఆ తప్పులో సగం ఆయనది, సగం నాది.

ముళబాగిలు రోడ్డులో మా అమ్మ ఇచ్చిపోయిన రెండెకరాల మామిడితోట ఉంది నాకు. నేను ఉండేది కోలారు పక్కన తమకలో, అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. తోటకు వెళ్ళేది ఆదివారాలే. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున వెళ్ళేసరికి, ఎవరో పెద్దాయన నా మామిడిచెట్ల కింద తాపీగా చీపురు పెట్టి ఊడుస్తున్నాడు. నిక్కరు, పాత ఖాకీ చొక్కా, కాళ్ళకు గనివాళ్ళ బూట్లు. పక్కన నాలుగు గోనెసంచులు, నాలుగూ ఆకులతో కుక్కి ఉన్నాయి.

"ఎవరప్పా నువ్వు? ఏం జేస్తాండావు ఈడ?"

"ఊడుస్తాండా."

"నిన్నెవరు ఊడ్చమన్నారు?"

"ఎవురూ అన్లేదమ్మా. చెత్త గదా. నీకు తోట శుభ్రమైతాది, నాకు ఆకు దొరుకుతాది."

"అది చెత్త కాదు. నా చెట్ల తిండి."

ఆయన చీపురు ఆపాడు. చెట్టు వైపు చూశాడు, ఆకుల వైపు చూశాడు. "వాటి తిండిని అవే కింద పారేసుకున్నాయా?"

"పారేసుకోలేదు. దాచుకున్నాయి."

నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది. గనిధూళి తిన్న ఊపిరితిత్తులు ఆయనవి. ఏ మాటయినా రెండు ముక్కలు చెప్పి, ఊపిరి తెచ్చుకుని, మిగతాది చెప్పేవాడు. ఆయనతో వాదించేవాళ్ళకు ఆ సందు చాలా వీలుగా ఉండేది. నేను ఆ సందులో ఎన్నిసార్లు దూరానో లెక్కలేదు.

"పాయింటు ఉండాది" అన్నాడు ఊపిరి అందాక. రెండు సంచులు అక్కడే కుమ్మరించి, రెండు భుజానికెత్తుకున్నాడు. "సగం నీకు, సగం నాకు. సరిపాయె."

సరిపోలేదు. ఆదివారం ఒక్కటీ తప్ప మిగిలిన ఆరు రోజులూ నా ఆకు గట్టు దాటుతూనే ఉందని నాకు తెలుసు. నేల మీద చీపురు గీతలు కనబడేవి. అడిగితే ఒప్పుకునేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "గాలి గట్టిగా ఉండె ఈ వారం" అనేవాడు.

ఆయన ఎక్కడికి వచ్చినా ముందు తలెత్తి పైకప్పు చూసేవాడు. రోడ్డు మీది టీ అంగడిలో కూర్చునే ముందు గొడుగు మొనతో రేకును రెండుచోట్ల కొట్టి చెవి పెట్టేవాడు. గనిలో పొద్దున దిగగానే ఇనుప కడ్డీతో పైరాయిని కొట్టి చూస్తారట. ఖంగుమంటే గట్టి, డొల్లగా పలికితే రాలబోతోందని అర్థం. అంగడాయన మొత్తుకునేవాడు, "పెద్దాయనా, అది రేకు! నువ్వు కొట్టి కొట్టే అది రాలుతుంది!" "రాలితే నా మీదనే గదా, నీకేమి" అని ఈయన నింపాదిగా టీ ఊదుకునేవాడు.

తోటలోనూ అంతే. గట్ల మీద సిల్వర్ ఓక్ చెట్లు, నడుమ కానుగ, పనస, వరసలు వరసలుగా ఆకు ఎరువుకు పెంచే గ్లిరిసిడియా. వాటి నీడలో కోకో. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, తలెత్తి, "ఈడ రూఫ్ పల్చనయ్యింది, కొమ్మ కొట్టకూడదు" అనుకునేవాడు. కోలారు ఎండలో కోకో ఏమిటప్పా, వాన లేదు, తేమ లేదు, బోరునీళ్ళు చుక్కలు చుక్కలుగా పోసి ఎన్నాళ్ళు సాకుతావు అని నేను అడిగితే ఆయన జవాబు ఒక్కటే.

"ఇది అండర్‌గ్రౌండు చెట్టు టీచరమ్మా. నా మాదిరే. పైన రూఫ్ ఉంటేనే పని జేస్తాది."

కూతురు మంగళూరు వైపు నర్సింగ్ చదువుతున్నప్పుడు చూడ్డానికి పోయి, అక్కడ పోకతోటల కింద ఈ చెట్లను చూశాడట. ముప్పై మొక్కల్ని బకెట్లలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. మొదటి వేసవికే సగం పోయాయి. మిగిలిన వాటికి ఆయన చేసిన సేవ పసిబిడ్డకు కూడా ఎవరూ చెయ్యరు. గ్లిరిసిడియా కొమ్మలు కొట్టి చెట్టు మొదట్లో పరవడం, కానుగాకు పరవడం, దాని మీద నా మామిడాకు. వీటన్నిటి మీద కోకో తన ఆకును తానే రాల్చుకుంటుంది. అరచేయంత ఆకు, తోలులాంటిది, తొందరగా కుళ్ళదు. పొరలు పొరలుగా పడి ఉంటుంది. నడిస్తే అప్పడాల మీద నడిచినట్టు చప్పుడు. ఆ పొరల్ని చేత్తో ఎత్తితే మే నెలలో కూడా అడుగున చల్లగా, తడిగా ఉండేది. వానపాములు తోసిన మట్టి గుళికలు కనబడేవి. ఎర్రనేల రంగు మారిందని ఆయన మురిసిపోయేవాడు.

"రంగు మారితే సారం పెరిగినట్టు కాదు" అనేదాన్ని నేను. "నువ్వు కోసే ప్రతి కాయలోనూ పొటాష్ పోతుంది. చెట్టు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది."

"అందుకే గదా డిప్ప బయటికి పోనియ్యను!"

అది మాత్రం నిజం. కాయను రాయికేసి కొట్టి పగలగొట్టి, లోపలి తెల్ల గుజ్జు మన చేతిలో పెట్టి, "చీకు, కొరకొద్దు, గింజ చేదు" అనేవాడు. గింజలు ఎండబెట్టుకునేవాడు. ఖాళీ డిప్ప మాత్రం ఏ చెట్టుదో ఆ చెట్టు మొదట్లోకే. పక్క చెట్టుకు వేసినా ఒప్పుకునేవాడు కాదు.

ఈ పట్టింపు ఎంత దూరం పోతుందో నాకు ఒకసారి తెలిసొచ్చింది. పిల్లలకు చూపిద్దామని ఒక పండుకాయ అడిగి కాలేజీకి తీసుకుపోయాను. మూడోరోజు మధ్యాహ్నం వాచ్‌మన్ వచ్చి, ఎవరో ముసలాయన గేటు దగ్గర కూర్చున్నాడు, మీరొస్తే గానీ కదలనంటున్నాడు అన్నాడు. వెళ్ళి చూస్తే ఈయన. రెండు బస్సులు మారి వచ్చాడు.

"డిప్ప ఇయ్యి టీచరమ్మా."

"ఏం డిప్ప?"

"నువ్వు ఎత్తుకపోయిన కాయది. పనసచెట్టు పక్కదాని కాయ."

"అది చెత్తబుట్టలో వేసేశాం కదప్పా. ఒక్క డిప్ప కోసం తమక దాకా వస్తావా?"

ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. లేచి నిలబడ్డాడు. "మైన్లో రాయి తీసిన చోటును ఖాళీగా ఇడిసేది లేదమ్మా. వేరే రాయి తెచ్చి ప్యాకింగ్ చెయ్యల్ల. ఎంత తీసినామో అంత నింపల్ల." ఊపిరి తెచ్చుకున్నాడు. "నింపని చోట మనుషులు పోయినారు. నాకు తెలిసినోళ్ళు. నీకు అది చెత్త."

ఇంకెవరైనా అయితే అక్కడ తగ్గేవారు. నేను తగ్గలేదు. "మరి నా మామిడితోటలో ఇన్నేళ్ళు నువ్వు చేసిన ఖాళీ ఎవరు నింపుతారు?"

తిరిగి బస్సెక్కి పోయాడు. ఆ ఆదివారం నా మామిడిచెట్ల కింద రెండు సంచుల గ్లిరిసిడియా ఆకు పరిచి ఉంది. మరుసటి వారం మళ్ళీ చీపురు గీతలే.

ఈ ఏడాది ఆయన దగ్గు మరీ ముదిరింది. ఒక ఆదివారం గట్టు దాటి, నా దగ్గరికి వచ్చి, ఒక పాలపొడి డబ్బా చేతిలో పెట్టాడు. మూత చుట్టూ మైనం. పైన పెయింటుతో రాసిన తేదీ.

"మొదటిరోజు మట్టి. మొక్క పెట్టే ముందు తీసి పెట్టినా. మైన్లో శాంపిల్ లేకుండా ఏదీ నమ్మరు గదా, అదే అలవాటు."

"పదకొండేళ్ళుగా దాచినావా! ఇప్పుడెందుకు తీసినావు?"

"నేను పోతాండా గదా, అందుకు." మామూలుగానే అన్నాడు. "మా పాప దగ్గరికి టింబరోడు రెండుసార్లు వచ్చినాడు. సిల్వర్ ఓక్ కావాలంట. దాని తప్పేముంది, పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఆస్పత్రికి పోతాది, చీకటైనాక వస్తాది. తోట అది చూడగలదా? ఇల్లు కూడా బాగుచేసుకోవల్ల. రూఫ్ పోతే కోకో పోతాది, పోనీ. నేల మేలయ్యిందా లేదా, అది చెప్పు నువ్వు. మేలయ్యిందని కాగితం మీద రాసిస్తే పాప చెట్లను ముట్టదు. నా మాట ఇనదు. కాగితం ఇంటాది."

ఆ వారమే ఆయన తోటలోంచి నేనే మట్టి తీసుకుపోయాను. ఆకులు తప్పించి, పైనుంచి జానెడు లోతు వరకు, నాలుగైదు చోట్ల. కాలేజీ ల్యాబులో డబ్బా మట్టిని, ఈ మట్టిని పక్కపక్కన పెట్టి, నేలలో కలిసిన ఆకు సారం ఎంతో చూసే పరీక్ష చేశాను. రెండు ఫ్లాస్కుల్లో నారింజ రంగు ద్రావణం. డబ్బా మట్టిది దాదాపు అలాగే ఉండిపోయింది. తోట మట్టిది ఆకుపచ్చగా తిరిగింది, అంటే సారం ఎక్కువని. తేడా ఎంతంటే నేను నా లెక్కను నమ్మక మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నేను ఆగలేకపోయాను. ఆదివారం దాకా కూడా ఆగకుండా సాయంత్రం బస్సులోనే వెళ్ళి, టీ అంగడిలో అందరి ముందూ, "అప్పా, నువ్వు గెలిచినావు! నీ నేల ఎన్నో రెట్లు మేలయ్యింది!" అన్నాను. ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. అంగడాయన ఆ రోజు ఎవరి దగ్గరా టీ డబ్బులు తీసుకోలేదు. ఆ మాట రాత్రికి ముళబాగిలు చేరింది, తెల్లారేసరికి రైలెక్కి గనివాళ్ళ ఊరు మారికుప్పం చేరింది. పాస్టరుగారు చెప్పిన కథ అక్కడ పుట్టింది, నా నోట్లోంచి.

తర్వాతి ఆదివారం కూతురికి ఇవ్వాల్సిన కాగితం రాయడానికి కూర్చున్నాను. శాంపిల్ ఎక్కడ తీశారు, ఎంత లోతున తీశారు అన్నది రాయాలి కదా. అడిగాను.

"పనసచెట్టు ఉండాదే, దానికి ఆరడుగుల ఇవతల" అన్నాడు ఉత్సాహంగా. "మూడడుగులు క్లీన్ చేసి తీసినా."

"క్లీన్ చేసి అంటే?"

"పైమట్టి తీసి పారేసి. శాంపిల్ తీసే ముందు రాయి మొహం శుభ్రం చెయ్యల్ల గదమ్మా. పైనుండేది చెత్త. లోపల ఉండేదే అసలు."

నా చేతిలో కలం ఆగిపోయింది. ఏ నేల అయినా, కోకో ఉన్నా లేకపోయినా, మూడడుగుల కిందికి పోతే ఆకు సారం ఉండదు. నేను పోల్చింది కింది మట్టిని పైమట్టితో. అడగకుండా పోల్చింది నేను, కెమిస్ట్రీ చెప్పేదాన్ని.

"పైమట్టే నేలప్పా!" అన్నాను. అరిచానేమో కూడా. "పదకొండేళ్ళుగా ఆకు మోసింది దేనికి? ఆ పైమట్టి కోసమే కదా! దాన్నే మొదటిరోజు చెత్తని పారేసినావా?"

"అప్పుడు నేనింకా మైన్ మనిషినే గదా" అన్నాడు.

తర్వాత ఆయనే దారి చెప్పాడు. ఇప్పుడు కూడా అదే చోట మూడడుగులు తవ్వి తీద్దాం, అప్పుడు సరిసమానం గదా అని. నాకు తట్టనిది ఆయనకు తట్టింది. కూర్చుని కూర్చుని, దగ్గి దగ్గి, పార నాకు ఇవ్వకుండా తానే సగం తవ్వాడు. జానెడు లోపే కోకో వేళ్ళు చాపలాగా అల్లుకుని ఉన్నాయి. తెగుతుంటే ముఖం ముడిచాడు. "వేర్లన్నీ పైనే ఉండాయే" అన్నాడు, అన్నేళ్ళకు మొదటిసారి చూస్తున్నట్టు. గుంత గోడలో పైన నల్లటి పట్టీ ఒకటి, దాని కింద అంతా ఎర్రమట్టి. ఆ పట్టీ మీద చెయ్యి ఆనించి నా వైపు చూశాడు.

"ఇది నీలగిరి కింద అప్పుడు ఉండిందా?" అడిగాను.

కళ్ళు మూసుకున్నాడు. "గ్నాపకం లేదు."

ఆ కింది మట్టికీ డబ్బా మట్టికీ తేడా ఏమీ రాలేదు. ఫలితం చెప్పడానికి వెళ్ళేసరికి ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అలాంటప్పుడు మాట కాస్త మెత్తగా చెప్పేవాళ్ళు ఉంటారు.

"కింద ఏ మార్పూ లేదప్పా. పైన మంచి మట్టి ఉంది. ముందు ఎంత ఉండిందో తెలీదు. కాబట్టి నువ్వు నేలను మేలు చేసినావని రుజువు కాలేదు."

"చెయ్యలేదని రుజువయ్యిందా?"

"అదీ కాలేదు."

"మరి ఏం టీచరువమ్మా నువ్వు?"

"నేనేం చేసేది? పక్క నేలతో పోల్చుదామంటే పక్క నేల నాది. దాని ఆకంతా ఎత్తుకుపోయి దాన్నీ చెడగొట్టినావు. పోల్చడానికి ఒక్క పిడికెడు మట్టి మిగల్చలేదు నువ్వు!"

నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "పాయింటు" అన్నాడు. మిగతా ముక్కకు ఊపిరి చాలలేదు. మూడు వారాలకు పోయాడు.

పూడ్చిన పదోరోజు కూతురు తోటకు రమ్మని ఫోన్ చేసింది. తండ్రి పోలికే, కానీ దగ్గు లేదు. వాదనలో సందు దొరకదు.

"కాగితం ఏది మేడం? నాన్న ఆఖర్లో దాని గురించే అడుగుతా ఉండె."

జరిగిందంతా చెప్పాను. కోకో చెట్టు మొదట్లో ఆకుల మీద కూర్చుని మొత్తం వింది.

"ఒకటి చెప్పండి మేడం. చెట్లు తీసేస్తే ఈ నల్లమట్టి ఉంటుందా, పోతుందా?"

"ఎండ నేరుగా కొడితే, కొత్త ఆకు రాలకపోతే, కొన్నేళ్ళలో పోతుందనే నేననుకుంటా."

"అనుకుంటారు."

"అవును. అనుకుంటా."

"సరే. ఇది చెట్లు ఇచ్చిన మట్టా, నాన్న సంచుల్లో మోసుకొచ్చి పోసిందా?" నేను జవాబు చెప్పకముందే తనే అంది. "చెట్లు ఇచ్చిందైతే, చెట్లుంటే ఇస్తానే ఉంటాయి. నేను అమ్మను, ఎవరొచ్చినా అమ్మను. నాన్న మోసిందైతే, నాన్నే లేడు గదా మేడం. నేను మొయ్యలేను. ఇంగ చెట్లు ఎవరి కోసరం?"

నా జీవితంలో ఇంత శుభ్రంగా వేసిన ప్రశ్న ఏ విద్యార్థీ వెయ్యలేదు. తెలీదన్నాను. వానలు అయ్యేదాకా ఆగుతానంది. తర్వాత టింబరాయనకు అవునో కాదో చెప్పేస్తుందట. ఆ అమ్మాయి గడువు పెడితే గడువే.

ఇప్పుడు నాకు నిద్రపట్టనిది ఒక్క సంగతి. గనిమనిషి దేన్నీ చిందరవందరగా పారెయ్యడు. రాయికొక చోటు, ఇసుకకొక చోటు. మొదటిరోజు ఆ గుంతలోంచి ఎత్తిన పైమట్టిని కూడా ఎక్కడో ఒకచోట, కుప్పగా, పద్ధతిగా పోసే ఉంటాడు. ఆ కుప్ప దొరికితే, అందులో నల్లమట్టి ఉంటే అది ముందునుంచీ ఉన్నదని, లేకపోతే ఈ పదకొండేళ్ళలో వచ్చిందని, ఆ అమ్మాయికి సగం జవాబైనా చెప్పగలను. నాలుగు ఆదివారాలుగా గట్ల వెంబడి పార పట్టుకుని తిరుగుతున్నాను. ఒక దిబ్బ తవ్వితే చీమలపుట్ట. ఇంకోటి బోరు వేసినప్పుడు పడ్డ రాతిపొడి. అంగడాయన దూరం నుంచి చూసి, "టీచరమ్మా, బంగారం ఏమన్నా దొరికెనా?" అని అరుస్తాడు. పదకొండేళ్ళ ఎండకూ వానకూ ఆ మట్టి మారిపోయి ఉంటుందని నాకు తెలుసు, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. అయినా కుప్ప నడిమధ్యలో, వాన తగలని చోట, పిడికెడు మిగిలి ఉండకూడదా?

ఆ రోజు గుంత అంచున మేమిద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. ఒక్క మాట అడిగి ఉంటే వేలు పెట్టి చూపించేవాడు. నేను వాదన గెలిచే తొందరలో ఉన్నాను. ఇప్పుడడుగుతున్నాను. మొదటిరోజు ఎత్తిన ఆ పైమట్టిని యాడ పోసినావప్పా?